ఒక రిక్వెస్ట్, మూడు లాగ్‌లు: జావా వెబ్ అప్లికేషన్‌లో లాగ్ ఫార్మాట్ దేనికోసం

జావా వెబ్ అప్లికేషన్‌లో యూజర్ ఒక్క బటన్ నొక్కితే దాని గురించి రెండు మూడు చోట్ల రాత పడొచ్చు. అప్లికేషన్ తన లాగ్‌లో, అంటే జరిగినవి నమోదు చేసే ఫైలులో, నాలుగైదు లైన్లు రాస్తుంది. అప్లికేషన్‌ను నడిపే వెబ్ సర్వర్ టామ్‌క్యాట్‌లో యాక్సెస్ లాగ్ (వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌నూ రాసే లాగ్) ఆన్‌లో ఉంటే అక్కడ ఇంకో లైను పడుతుంది. ముందు ఎన్‌జింక్స్ లాంటి ప్రాక్సీ (రిక్వెస్టులను అందుకుని లోపలికి పంపే సర్వర్) ఉంటే అదీ తన వంతు రాస్తుంది. ఒకే సంఘటన, మూడు ఫైళ్లు, మూడు ఫార్మాట్లు, ఒక్కోసారి రెండు టైమ్‌జోన్లు. డబ్బు కట్ అయింది కానీ ఆర్డర్ రాలేదని కస్టమర్ ఫోన్ చేసినప్పుడు సపోర్ట్ టీమ్ ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఏ లైను ఏ రిక్వెస్ట్‌దో తేల్చుకోవాలి.

లాగ్ ఫార్మాట్ మార్చడం గురించి దొరికే వివరణల్లో ఎక్కువ భాగం తేదీ ఎలా ఉండాలి, లెవెల్ (ఎర్రర్, ఇన్ఫో లాంటి తీవ్రత) ఏ రంగులో కనపడాలి అన్న చోటే ఆగిపోతాయి. వెబ్ అప్లికేషన్‌లో ఫార్మాట్ చేయాల్సిన అసలు పని వేరే ఉంది. వేర్వేరు చోట్ల పడ్డ లైన్లను తర్వాత చదివేవాళ్లు ఒకదానితో ఒకటి కలపగలగాలి. ప్యాటర్న్‌లో, అంటే లైను రూపాన్ని నిర్ణయించే రాతలో, ఏ ముక్క ఉండాలి, ఏది అక్కర్లేదు అన్న ప్రతి నిర్ణయాన్నీ ఈ అవసరంతోనే కొలవాలి.

ముందుగా ఫార్మాట్ ఎవరి చేతిలో ఉందో తెలియాలి. కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడే చాలా టైమ్ పోగొట్టుకుంటారు. జావాతో పాటే వచ్చే లాగింగ్ వ్యవస్థ, అంటే జావా యుటిల్ లాగింగ్, 2002లో జేడీకే 1.4తో వచ్చింది. అప్పటికే లాగ్‌4జె వాడుకలో ఉంది. తర్వాత లాగ్‌4జె సృష్టికర్త చెకి గుల్చూ ఎస్‌ఎల్‌ఎఫ్‌4జె, లాగ్‌బ్యాక్ తెచ్చారు. అపాచీ వైపు నుంచి 2014లో లాగ్‌4జె 2 వచ్చింది. ఒక మామూలు ప్రాజెక్ట్‌లో వీటిలో రెండు మూడు లైబ్రరీలు డిపెండెన్సీల వెంట కలిసే వస్తాయి. కోడ్‌లో కనిపించే ఎస్‌ఎల్‌ఎఫ్‌4జెకి ఫార్మాట్ అంటూ ఏదీ లేదు. అది పైపై పొర మాత్రమే. మెసేజ్‌ను కింద ఉన్న లాగ్‌బ్యాక్‌కో లాగ్‌4జెకో అందిస్తుంది, లైను ఎలా కనపడాలో ఆ కింది లైబ్రరీ నిర్ణయిస్తుంది. ఫార్మాట్ మార్చినా మార్పు కనపడటం లేదంటే తప్పు లైబ్రరీ కాన్ఫిగరేషన్‌ను మార్చుతున్నారేమో మొదట చూడాలి.

ఈ వ్యాసంలో స్ప్రింగ్ బూట్ (జావా వెబ్ అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్), లాగ్‌బ్యాక్, లోపల నడిచే టామ్‌క్యాట్ ఉన్న సెటప్‌ను తీసుకుందాం. దాని స్టార్టర్లు (ముందే కట్టి ఇచ్చిన లైబ్రరీల మూటలు) వాడితే స్ప్రింగ్ బూట్ డీఫాల్ట్‌గా తెచ్చేది లాగ్‌బ్యాకే. దీనిలోనూ ఫార్మాట్ మార్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి అప్లికేషన్ ప్రాపర్టీస్‌లో లాగింగ్.ప్యాటర్న్.కన్సోల్, లాగింగ్.ప్యాటర్న్.ఫైల్ అనే ప్రాపర్టీలు. రెండోది లాగ్‌బ్యాక్ ఎక్స్‌ఎంఎల్ ఫైలు. రెండూ ఒకేసారి పెట్టి, ప్రాపర్టీ ఎందుకు పనిచేయడం లేదని తల పట్టుకోవడం చాలా టీముల్లో జరిగేదే. సొంత ఎక్స్‌ఎంఎల్ ఉంటే అందులో రాసిన ప్యాటర్నే చెల్లుతుంది. ప్రాపర్టీలో ఇచ్చిన విలువ ఒక వేరియబుల్ రూపంలో అక్కడికి చేరుతుంది గానీ, ఎక్స్‌ఎంఎల్ ఆ వేరియబుల్‌ను వాడుకుంటేనే దానికి ఫలితం ఉంటుంది. ఫైలు పేరు కూడా ముఖ్యమే. ఉత్త లాగ్‌బ్యాక్ అన్న పేరుతో ఉంటే స్ప్రింగ్ ఇంకా లేవకముందే అది చదవబడుతుంది, కాబట్టి స్ప్రింగ్ ప్రొఫైల్‌ను (డెవలప్‌మెంట్, ప్రొడక్షన్ లాంటి సెటప్‌ను) బట్టి ఫార్మాట్ మార్చే ట్యాగులు అందులో పనిచేయవు. పేరులో లాగ్‌బ్యాక్ తర్వాత హైఫన్ పెట్టి స్ప్రింగ్ అని చేరిస్తే పనిచేస్తాయి.

ప్యాటర్న్ భాష చిన్నది. శాతం గుర్తు పక్కన డి రాస్తే తేదీ, థ్రెడ్ అని రాస్తే ఆ పని నడుస్తున్న థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనుల్లో ఒకటి) పేరు, లెవెల్ అని రాస్తే లెవెల్, లాగర్ అని రాస్తే క్లాస్ పేరు, ఎంఎస్‌జీ అని రాస్తే మెసేజ్, ఎన్ అని రాస్తే కొత్త లైను. లెవెల్‌కు ముందు మైనస్ 5 అని కనిపించేది వెడల్పు. ఎర్రర్, డీబగ్ అనే మాటలకు ఇంగ్లిష్‌లో అయిదు అక్షరాలు, ఇన్ఫో, వార్న్‌లకు నాలుగు. అన్నీ అయిదు అక్షరాల చోటు తీసుకుంటే తర్వాతి కాలమ్ ఒకే వరసలో ఉంటుంది. లాగర్ పక్కన మీసాల బ్రాకెట్లలో 36 అని ఇస్తే ప్యాకేజీ పేర్లు మొదటి అక్షరాలకు కుదించుకుపోయి క్లాస్ పేరు మాత్రం పూర్తిగా మిగులుతుంది. ఇవి మాన్యువల్ చూసి నేర్చుకోగలిగినవి, ఇంతకు మించి వీటి దగ్గర ఆగనక్కర్లేదు.

ఆగాల్సింది టైమ్ దగ్గర. మూడు లాగ్‌లను కలపడానికి మొదటి ఆధారం టైమే. మిల్లీసెకన్లు, టైమ్‌జోన్ ఆఫ్‌సెట్ (యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక టైమ్ నుంచి తేడా) రెండూ లేని టైమ్ సగం సమాచారమే ఇస్తుంది. అమెజాన్ తన క్లౌడ్ సేవలకు హైదరాబాద్ రీజియన్‌ను 2022 నవంబరులో తెరిచింది. అప్లికేషన్ అక్కడే నడుస్తున్నా, అది నడిచే కంటైనర్ (అప్లికేషన్‌ను విడిగా పెట్టి నడిపే ప్యాకేజీ) గడియారం మామూలుగా యూటీసీలోనే ఉంటుంది. ఉదయం 10 గంటలకు పడ్డ ఎర్రర్ లాగ్‌లో 4:30గా కనపడుతుంది. ఆఫ్‌సెట్ రాసి లేకపోతే హైదరాబాద్‌లో పగలు చూసే టీమ్ ఒక లెక్క వేసుకుంటుంది, డల్లాస్‌లో రాత్రి డ్యూటీ అందుకునే టీమ్ ఇంకో లెక్క వేసుకుంటుంది. మన ఆఫ్‌సెట్‌లో ఉన్న ఆ అరగంట మనసులో లెక్క కట్టేటప్పుడు సులభంగా జారిపోతుంది. తేదీ ప్యాటర్న్‌లో కామా పెట్టి టైమ్‌జోన్ పేరు ఇచ్చే వీలు లాగ్‌బ్యాక్‌లో ఉంది, ఆసియా/కోల్‌కతా అని రాయొచ్చు. అయినా సర్వర్లన్నీ యూటీసీలోనే రాసి, ఆఫ్‌సెట్‌ను తప్పకుండా చూపించి, చూసే టూల్‌లో స్థానిక టైమ్‌కు మార్చుకోవడమే మేలు. ఒక సర్వీస్ ఐఎస్‌టీలో, ఇంకొకటి యూటీసీలో రాస్తే రెండింటినీ కలిపి చదవడం నరకం.

స్ప్రింగ్ బూట్ 2022 నవంబరులో వచ్చిన 3.0 వెర్షన్‌తో తన డీఫాల్ట్ తేదీని ఐఎస్ఓ 8601 పద్ధతికి మార్చి ఆఫ్‌సెట్ చేర్చింది. ఇది మంచి మార్పు. పాత ఫార్మాట్‌ను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల నమూనాతో) విడదీసుకునే పార్సర్లు, అంటే లాగ్ లైన్లను చదివే ప్రోగ్రాములు, ఉన్న చోట మాత్రం అప్‌గ్రేడ్‌తో పాటు వాటినీ మార్చాలి, లేదా లాగింగ్.ప్యాటర్న్.డేట్‌ఫార్మాట్ అనే ప్రాపర్టీతో పాత రూపాన్ని తిరిగి తెచ్చుకోవాలి.

తేదీ అక్షరాల్లో చిన్న, పెద్ద తేడా ప్రాణం తీస్తుంది. పెద్ద ఎం నెల, చిన్న ఎం నిమిషం. పెద్ద హెచ్ 24 గంటల లెక్క, చిన్న హెచ్ 12 గంటల లెక్క. చిన్న హెచ్ వాడి ఏఎం, పీఎం రాయకపోతే రాత్రి రెండూ మధ్యాహ్నం రెండూ ఒకేలా కనపడతాయి. అన్నిటికన్నా మాయదారిది వై. చిన్న వై నాలుగుసార్లు రాస్తే మామూలు సంవత్సరం. పెద్ద వై రాస్తే అది వారాల లెక్కన నడిచే సంవత్సరం. ఏడాదిలో చాలా రోజులు రెండూ ఒకే అంకె ఇస్తాయి కాబట్టి టెస్టింగ్‌లో దొరకదు. 2024 డిసెంబరు 30న మాత్రం పెద్ద వై 2025 అని రాస్తుంది, ఎందుకంటే ఆ వారం 2025 మొదటి వారం కిందకు వస్తుంది. తేదీల వారీగా ఫైళ్లు వేరుచేసి పాతవాటిని తొలగించే ఏర్పాటు ఉంటే ఈ ఒక్క అక్షరం వల్ల ఫైళ్లు ఏడాది ముందుకు దూకుతాయి.

టైమ్ ఎంత కచ్చితంగా ఉన్నా ఒక్క టైమ్‌తోనే లైన్లు కలవవు. టామ్‌క్యాట్ డీఫాల్ట్‌గా 200 వరకు థ్రెడ్లు నడుపుతుంది. ఒకే మిల్లీసెకనులో పది రిక్వెస్టుల లైన్లు ఒకదానిలో ఒకటి కలగలిసి పడతాయి. థ్రెడ్ పేరును పట్టుకుని వేరుచేయొచ్చుగా అనిపిస్తుంది, కానీ థ్రెడ్ ఒక రిక్వెస్ట్ ముగించి వెంటనే ఇంకో రిక్వెస్ట్ అందుకుంటుంది. మధ్యలో పని వేరే థ్రెడ్‌కు మారితే ఆ దారి కూడా తెగిపోతుంది. అందుకే ప్రతి రిక్వెస్ట్‌కు ఒక నంబరు కావాలి, ఆ రిక్వెస్ట్ తరఫున పడే ప్రతి లైనులో అది ఉండాలి.

జావాలో దీనికి ఉన్న సాధనం ఎండీసీ, అంటే మ్యాప్డ్ డయాగ్నస్టిక్ కాంటెక్స్ట్. ప్రతి థ్రెడ్‌కు అంటిపెట్టుకుని ఉండే ఒక చిన్న మ్యాప్ అది. అందులో ఒకసారి రిక్వెస్ట్ ఐడీ పెడితే, ప్యాటర్న్‌లో శాతం గుర్తు, పెద్ద ఎక్స్, మీసాల బ్రాకెట్లలో ఆ ఐడీ పేరు రాసిన చోటల్లా విలువ దానంతటదే పడుతుంది. బిజినెస్ కోడ్ రాసేవాళ్లు ఒక్క లాగ్ లైను కూడా మార్చనక్కర్లేదు. అప్పుడు లైను ఇలా కనపడుతుంది:

2025-03-14 04:32:17.341 +00:00 ఎర్రర్ [48213907] పేమెంట్‌సర్వీస్ : గేట్‌వే జవాబు రాలేదు, ఆర్డర్=77120

ఐడీ పెట్టాల్సిన చోటు సర్వ్‌లెట్ ఫిల్టర్, అంటే ప్రతి రిక్వెస్టూ అసలు కోడ్‌కు చేరకముందు దాటే కోడ్. అన్ని ఫిల్టర్లకన్నా ముందు నడిచేలా దాని వరస పెట్టాలి. లేకపోతే సెక్యూరిటీ ఫిల్టర్ తిప్పికొట్టిన రిక్వెస్టుల లైన్లలో ఐడీ ఉండదు, దర్యాప్తులో అవే చాలాసార్లు కావలసి వస్తాయి. ప్రాక్సీ ఇప్పటికే ఒక ఐడీ హెడర్‌లో పంపి ఉంటే దాన్నే తీసుకోవాలి, లేకపోతే కొత్తది తయారుచేయాలి. దాన్ని ఎండీసీలో పెట్టి, రెస్పాన్స్ హెడర్‌లో వెనక్కి పంపి, చివర ఫైనల్లీ బ్లాక్‌లో ఎండీసీ నుంచి తప్పకుండా తీసేయాలి. ఈ చివరి ముక్క మర్చిపోతే థ్రెడ్ తర్వాతి రిక్వెస్ట్‌కు వెళ్లినప్పుడు పాత ఐడీ దానితోనే వెళుతుంది. ఫిల్టర్ కొత్త ఐడీ పెట్టేస్తుంది కాబట్టి ఆ నష్టం వెంటనే బయటపడదు. కానీ లాగిన్ అయినవాళ్లకు మాత్రమే పెట్టే యూజర్ ఐడీ లాంటివి మిగిలిపోతే, లాగిన్ కాని మనిషి చేసిన పని ఇంకొకరి పేరు మీద రాసి ఉంటుంది. ఐడీ లేని లాగ్ కన్నా తప్పుడు ఐడీ ఉన్న లాగ్ ఎక్కువ ప్రమాదం. మొదటిదాన్ని చూసి ఎవరూ నిర్ధారణకు రారు, రెండోదాన్ని నమ్ముతారు.

ఇక యాక్సెస్ లాగ్. లోపల నడిచే టామ్‌క్యాట్‌లో ఇది డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, ప్రాపర్టీతో ఆన్ చేయాలి. బయట విడిగా నడిచే టామ్‌క్యాట్‌లో సర్వర్ ఎక్స్‌ఎంఎల్‌లో యాక్సెస్ లాగ్ వాల్వ్ ముందే రాసి ఉంటుంది. దానికీ శాతం గుర్తులతో ప్యాటర్న్ భాష ఉంది కానీ అది లాగ్‌బ్యాక్ భాష కాదు, పాత వెబ్ సర్వర్ల కామన్ లాగ్ ఫార్మాట్ నుంచి వచ్చింది. ఇక్కడ పెద్ద ఎక్స్ రాసి ఎండీసీ విలువ వస్తుందని ఎదురుచూస్తే రాదు. యాక్సెస్ లాగ్ లైను రిక్వెస్ట్ పూర్తయ్యాక పడుతుంది, అప్పటికి ఫిల్టర్ తన ఫైనల్లీ బ్లాక్‌లో ఎండీసీని ఖాళీ చేసేసి ఉంటుంది. దారి ఏమిటంటే, ఫిల్టర్‌లోనే అదే ఐడీని రిక్వెస్ట్ యాట్రిబ్యూట్‌గా కూడా పెట్టడం. యాక్సెస్ లాగ్ ప్యాటర్న్‌లో మీసాల బ్రాకెట్లలో యాట్రిబ్యూట్ పేరు, పక్కన చిన్న ఆర్ రాస్తే అది వచ్చి పడుతుంది. ఈ ఒక్క మార్పుతో యాక్సెస్ లాగ్‌లో 500 కనిపించిన లైను నుంచి అప్లికేషన్ లాగ్‌లోని ఎర్రర్‌కు ఒక్క వెతుకులాటలో చేరుకోవచ్చు. మొత్తం ఫార్మాట్ పనిలో చిన్న శ్రమకు పెద్ద ఫలితం ఇచ్చేది ఇదే.

యాక్సెస్ లాగ్‌లో డీఫాల్ట్‌గా లేని ఇంకో ముఖ్యమైన అంకె ఆ రిక్వెస్ట్‌కు పట్టిన టైమ్. పెద్ద డి రాస్తే వస్తుంది. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. టామ్‌క్యాట్ 9 వరకు ఆ అంకె మిల్లీసెకన్లు, 10 నుంచి మైక్రోసెకన్లు. స్ప్రింగ్ బూట్ 2 నుంచి 3కు వెళ్లిన అప్లికేషన్లు ఈ హద్దునే దాటాయి. ప్యాటర్న్ మారదు, అక్షరం మారదు, డ్యాష్‌బోర్డ్‌లో మాత్రం రెస్పాన్స్ టైమ్ వెయ్యి రెట్లు పెరిగినట్టు కనపడుతుంది. ప్రాక్సీ వెనక నడిచే అప్లికేషన్‌లో యాక్సెస్ లాగ్ చూపించే ఐపీ అడ్రస్ కూడా ప్రాక్సీదే అవుతుంది. రిమోట్ ఐపీ వాల్వ్ పెట్టి, యాక్సెస్ లాగ్ వాల్వ్‌లో రిక్వెస్ట్ యాట్రిబ్యూట్స్ ఎనేబుల్ చేస్తే అసలు క్లయింట్ అడ్రస్ పడుతుంది.

ఎండీసీ థ్రెడ్‌కు అంటిపెట్టుకుని ఉండటమే దాని బలహీనత కూడా. ఈమెయిల్ పంపడం లాంటి పనిని అసింక్ మెథడ్‌కు (వేరే థ్రెడ్‌లో నడిచేదానికి) అప్పగిస్తే అక్కడి లైన్లలో ఐడీ ఖాళీగా ఉంటుంది. లాగ్‌బ్యాక్ 1.1.5 వెర్షన్ నుంచి ఎండీసీ విలువలు పుట్టించిన థ్రెడ్ నుంచి కొత్త థ్రెడ్‌కు దిగవు. పూల్‌లో థ్రెడ్ ఎవరి రిక్వెస్ట్ టైమ్‌లో పుట్టిందో వాళ్ల ఐడీనే ఎప్పటికీ మోస్తూ ఉండకుండా ఇది కాపాడుతుంది కాబట్టి ఆ నిర్ణయం సరైనదే. విలువలను మనమే చేతికందించాలి. స్ప్రింగ్‌లో టాస్క్ డెకరేటర్ ఉన్నది దీనికోసమే. పని ఇచ్చేటప్పుడు ఎండీసీ కాపీ తీసుకుని, పని మొదలయ్యే థ్రెడ్‌లో పెట్టి, అయిపోయాక తీసేసేలా దాన్ని రాసుకోవాలి. జావా 21తో స్థిరపడ్డ వర్చువల్ థ్రెడ్లకు (జావాయే నడిపే తేలికపాటి థ్రెడ్లకు) మనం పేరు పెట్టకపోతే పేరే ఉండదు. ప్యాటర్న్‌లో థ్రెడ్ పేరు మీదే ఆధారపడిన టీములకు ఆ కాలమ్ ఖాళీగా వస్తుంది. ఐడీ మీదకు మారడానికి అది ఇంకో కారణం.

ఒక రిక్వెస్ట్ నాలుగైదు సర్వీసులు దాటి వెళ్లే చోట సొంత ఐడీ కన్నా డబ్ల్యూ3సీ ట్రేస్ కాంటెక్స్ట్ ప్రమాణాన్ని వాడటం మంచిది. అందులో ట్రేస్ ఐడీ 32 హెక్స్ అంకెలు, ఒక్కో దశకు ఉండే స్పాన్ ఐడీ 16 హెక్స్ అంకెలు. మైక్రోమీటర్ ట్రేసింగ్ అనే లైబ్రరీ చేర్చితే ఈ రెండూ ఎండీసీలోకి వస్తాయి, స్ప్రింగ్ బూట్ 3.2 నుంచి డీఫాల్ట్ లాగ్ లైనులోనూ వాటంతటవే కనపడతాయి. సొంత ప్యాటర్న్ రాసుకున్నవాళ్లు మాత్రం వాటిని తామే చేర్చుకోవాలి.

ఇప్పుడు లైను అన్న మాట దగ్గరకు వద్దాం. లాగ్‌లను సేకరించే సాధనాలు చాలావరకు ఒక లైను అంటే ఒక సంఘటన అనుకుంటాయి. జావా ఎక్సెప్షన్ పడితే ఒక్క సంఘటనకే యాభై, నూరు లైన్ల స్టాక్ ట్రేస్ (తప్పు జరిగిన చోటికి కోడ్ ఏ దారిన వచ్చిందో చూపే జాబితా) వస్తుంది. మొదటి లైనులో తప్ప మిగతా వాటిలో టైమూ ఐడీ ఉండవు. కంటైనర్లను నడిపే కుబర్నెటిస్‌లో అనేక పాడ్ల (కంటైనర్ల గుంపుల) నుంచి వచ్చే లైన్లు ఒకే చోట చేరినప్పుడు ఈ ముక్కలు చెల్లాచెదురవుతాయి. తేదీతో మొదలవని లైనును ముందు లైనుకు అతికించే ఏర్పాటు సేకరించే వైపు చేసుకోవచ్చు. కానీ అది ప్యాటర్న్ మీద ఆధారపడుతుంది, ప్యాటర్న్ మారిన రోజు విరిగిపోతుంది.

దీనికి నిలబడే పరిష్కారం జేసన్, అంటే ప్రతి విలువకూ పేరు పెట్టి రాసే డేటా ఫార్మాట్. అయితే ప్యాటర్న్‌లోనే మీసాల బ్రాకెట్లు, కోట్ గుర్తులు రాసి జేసన్ తయారుచేసుకోవడం చాలామంది మొదట చేసే పని, అది చేయకూడదు. మెసేజ్‌లో ఒక్క కోట్ గుర్తు వచ్చినా జేసన్ చెడిపోతుంది. ఇంకొకటి ఏమిటంటే, ప్యాటర్న్‌లో ఎక్సెప్షన్ ప్రస్తావన లేకపోతే లాగ్‌బ్యాక్ స్టాక్ ట్రేస్‌ను తనంతట తానే చివర చేరుస్తుంది. డీబగ్ సమాచారం పోకూడదన్న సదుద్దేశంతో చేసిన ఏర్పాటే అది, కానీ చేతితో రాసిన జేసన్‌లో మూసిన బ్రాకెట్ తర్వాత నూరు లైన్లు వచ్చి పడతాయి. అంటే మామూలు లైన్లన్నీ బాగానే చదవబడి, సరిగ్గా ఎర్రర్ లైన్లే పార్సర్ దగ్గర ఆగిపోతాయి.

దీనికి తయారుగా ఉన్న ఎన్‌కోడర్లే (సంఘటనను లైనుగా మార్చే భాగాలే) వాడాలి. లాగ్‌బ్యాక్‌కు లాగ్‌స్టాష్ ఎన్‌కోడర్, లాగ్‌4జె 2కు జేసన్ టెంప్లేట్ లేఅవుట్ ఉన్నాయి. 2024 నవంబరులో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3.4 నుంచి బయటి లైబ్రరీ కూడా అక్కర్లేదు. లాగింగ్.స్ట్రక్చర్డ్.ఫార్మాట్.కన్సోల్ అనే ప్రాపర్టీకి ఈసీఎస్, గెల్ఫ్, లాగ్‌స్టాష్ అనే జేసన్ రూపాల్లో ఒకటి ఇస్తే చాలు. ఎండీసీలో ఉన్నవన్నీ విడి ఫీల్డులుగా వస్తాయి. ఆర్డర్ నంబరు లాంటివి మెసేజ్ వాక్యంలో ఇరికించకుండా ఎస్‌ఎల్‌ఎఫ్‌4జె 2.0లో వచ్చిన కీ-వాల్యూ పద్ధతిలో ఇస్తే అవీ వెతకగలిగే ఫీల్డులు అవుతాయి. ఒక్క హెచ్చరిక ఉంది. కంటైనర్లను నడిపే డాకర్ 16 కేబీ దాటిన లైనును ముక్కలు చేస్తుంది. ఒకదాని లోపల ఒకటిగా కారణాలు ఉన్న పొడవాటి స్టాక్ ట్రేస్ ఒకే జేసన్ లైనులోకి వస్తే ఆ హద్దు సులభంగా దాటుతుంది, కాబట్టి ట్రేస్ పొడవుకు పరిమితి పెట్టి, మూల కారణం ముందు వచ్చేలా చూసుకోవాలి. డెవలపర్ సొంత మెషీన్‌లో మాత్రం జేసన్ చదవడం కష్టం. అక్కడ మామూలు ప్యాటర్న్, రంగులతో సహా ఉంచి, ప్రొడక్షన్ ప్రొఫైల్‌లో జేసన్ పెట్టడం సరైన పద్ధతి. రంగుల కోడ్‌లు ఫైలులోకి వెళితే వెతకడానికి అడ్డుపడతాయి.

కస్టమ్ ఫార్మాట్ గురించి మాట్లాడేటప్పుడు సెక్యూరిటీని చివర ఒక ముక్కగా చెప్పి వదిలేయడం అలవాటైపోయింది. 2021 డిసెంబరు తర్వాత అలా వదిలేయడానికి వీల్లేదు. లాగ్‌4జె 2లో బయటపడ్డ భద్రతా లోపం సీవీఈ-2021-44228 (సీవీఈ అంటే బయటపడ్డ లోపాలకు ఇచ్చే నంబరు), అంటే లాగ్‌4షెల్, తీవ్రతలో పదికి పది తెచ్చుకుంది. మెసేజ్‌లో డాలర్ గుర్తు, మీసాల బ్రాకెట్లలో జేఎన్‌డీఐ (పేరును బట్టి బయటి సర్వర్లలో వెతికే జావా వ్యవస్థ) అడ్రస్ ఉంటే లైబ్రరీ దాన్ని ఉత్త అక్షరాలుగా చూడకుండా ఆదేశంగా తీసుకుని బయటి సర్వర్ నుంచి కోడ్ తెచ్చుకోగలిగేది. అప్పట్లో ఇచ్చిన తాత్కాలిక ఉపాయాల్లో ఒకటి ఫార్మాట్‌లోనే ఉంది, ప్యాటర్న్‌లో మెసేజ్ పక్కన నోలుకప్స్ అని చేర్చడం. అది పూర్తి రక్షణ కాదని తర్వాత తేలింది. ఆ వెంటనే వచ్చిన సీవీఈ-2021-45046 కస్టమ్ ఫార్మాట్ రాసేవాళ్లందరూ చదవాల్సినది. 2.15.0 వెర్షన్‌తో మొదటి రంధ్రం పూడ్చాక కూడా, డీఫాల్ట్ కాని ప్యాటర్న్‌లో ఎండీసీ విలువలను చూపించే అప్లికేషన్లు దాడికి తెరిచే ఉన్నాయి. హెడర్‌లో దాడి చేసేవాడు పంపిన విలువ ఎండీసీలోకి, అక్కడి నుంచి ప్యాటర్న్‌లోకి చేరేది. 2.16.0 దాన్ని ఆపింది, అందులో మిగిలిన అంతులేని రికర్షన్ సమస్యను 2.17.0 సరిచేసింది. లాగ్‌బ్యాక్‌కు లాగ్‌4షెల్ వర్తించలేదు. అయినా బయటినుంచి వచ్చే రిక్వెస్ట్ ఐడీ హెడర్‌ను పొడవు, అక్షరాలు సరిచూడకుండా ఎండీసీలో పెట్టకూడదన్నది ఏ లైబ్రరీకైనా చెల్లుతుంది. అంకెలు, అక్షరాలు, హైఫన్ తప్ప మరేవైనా ఉన్నా, 64 అక్షరాలు దాటినా పారేసి కొత్త ఐడీ ఇవ్వాలి.

అంత గొప్ప దాడి కూడా అక్కర్లేదు. యూజర్ నేమ్ పెట్టెలో కొత్త లైను అక్షరం ఇరికించి, దాని వెనక అచ్చం మన ఫార్మాట్‌లోనే "అడ్మిన్ లాగిన్ విజయవంతం" అని రాసి పంపితే, లాగ్‌లో అది అసలైన లైనులాగే పడుతుంది. ప్యాటర్న్‌లో మెసేజ్ చుట్టూ రీప్లేస్ వాడి క్యారేజ్ రిటర్న్, కొత్త లైను అక్షరాలను తొలగించే వీలు లాగ్‌బ్యాక్‌లో ఉంది. లాగ్‌4జె 2లో ఎన్‌కోడ్ అనే కన్వర్టర్ అదే పని చేస్తుంది. జేసన్ ఎన్‌కోడర్ అయితే ఈ బాధ్యత దానంతటదే తీసుకుంటుంది.

లోపలి నుంచి బయటకు పోయే సమాచారం ఇంకో ఎత్తు. 2018 మే 3న ట్విట్టర్ తన 33 కోట్ల మంది యూజర్లను పాస్‌వర్డ్ మార్చుకోమంది. హ్యాషింగ్ పూర్తికాకముందే పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టు అంతర్గత లాగ్‌లో రాయబడటమే కారణం. కార్డ్ నంబర్లను, ఆధార్ నంబర్లను ప్యాటర్న్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో దాచే పద్ధతి ప్రచారంలో ఉంది. పెట్టుకోవచ్చు, కానీ దాని మీద భరోసా పెట్టుకోకూడదు. మధ్యలో ఖాళీలతో రాసిన నంబరు, ఎక్సెప్షన్ మెసేజ్‌లో దాక్కున్న నంబరు దాన్ని తప్పించుకుంటాయి. ఆ డేటా ఉన్న ఆబ్జెక్ట్‌లను అక్షరాలుగా మార్చే టూస్ట్రింగ్ మెథడ్‌లోనే వాటిని దాచడం మూలంలో చేసే పని. యాక్సెస్ లాగ్‌లో యూఆర్ఎల్ క్వెరీ భాగంతో సహా పడుతుంది కాబట్టి, టోకెన్లు యూఆర్ఎల్‌లో పంపే అప్లికేషన్ ప్రతి టోకెన్‌నూ ఫైలులో రాసిపెడుతున్నట్టే.

భారతదేశంలో లాగ్‌లకు చట్టపరమైన కోణం కూడా ఉంది. దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, సైబర్ సంఘటనలను గుర్తించిన 6 గంటల్లోపు తెలియజేయాలి, సిస్టమ్ గడియారాలను ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) టైమ్ సర్వర్లతో గానీ వాటికి అనుసంధానమైన సర్వర్లతో గానీ సరిపెట్టుకోవాలి. ఆరు గంటల గడువులో ఏం జరిగిందో చెప్పాలంటే ఐడీలతో కలిసే లాగ్‌లు ఉన్నవాళ్ల పని వేరు, లేనివాళ్ల పని వేరు.

ప్యాటర్న్‌లో లైన్ నంబరు, మెథడ్ పేరు పెట్టడం గురించి ఒక మాట. చూడటానికి బాగుంటుంది, కానీ అవి కనుక్కోవడానికి ప్రతి లాగ్ కాల్‌కూ లైబ్రరీ కాల్ స్టాక్‌ను తిరగేయాలి. లోడ్ ఎక్కువ ఉండే అప్లికేషన్‌లో ఇది ఖరీదైన సౌకర్యం. లాగర్ పేరు, అర్థమయ్యే మెసేజ్ ఉంటే కోడ్‌లో ఆ చోటు వెతకడానికి అంతకన్నా అక్కర్లేదు.

తెలుగు పేర్లు, చిరునామాలు తీసుకునే అప్లికేషన్లకు ఎన్‌కోడింగ్ సంగతి ప్రత్యేకం. జావా 18 నుంచి డీఫాల్ట్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అయింది, అంతకుముందు ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి ఉండేది. అయితే కన్సోల్‌కు రాసేటప్పుడు జావా ఇప్పటికీ సిస్టమ్ లొకేల్‌నే చూస్తుంది. లొకేల్ సెట్ చేయని చిన్న కంటైనర్ ఇమేజ్‌లో తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారవచ్చు. ఎన్‌కోడర్‌లో క్యారెక్టర్ సెట్‌ను యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాస్తే ఈ సందేహం ఉండదు. ప్రశ్నార్థకంగా మారి ఫైలులో పడ్డ పేరును ఏ టూల్ కూడా వెనక్కి తేలేదు.

ఫార్మాట్‌కు కూడా టెస్ట్ రాయొచ్చు, రాయాలి. స్ప్రింగ్ బూట్‌లో అవుట్‌పుట్ క్యాప్చర్ ఎక్స్‌టెన్షన్‌తో కన్సోల్ అవుట్‌పుట్ పట్టుకుని, కొత్త లైను అక్షరం ఉన్న మెసేజ్ ఒక్క లైనుగానే పడిందా, ఎక్సెప్షన్‌తో ఉన్న లైను సరైన జేసన్‌గా చదవబడుతోందా, రెండు రిక్వెస్టులు వరసగా పంపితే రెండో దానిలో మొదటి ఐడీ కనపడుతోందా అని చూడొచ్చు. ఈ మూడు టెస్టులు పైన చెప్పిన ప్రమాదాల్లో పెద్ద భాగాన్ని కోడ్ మెర్జ్ కాకముందే పట్టిస్తాయి.

నడుస్తున్న సిస్టమ్‌లో ఫార్మాట్ మార్చేటప్పుడు వరస ముఖ్యం. ముందు పార్సర్ పాత, కొత్త రూపాలు రెండూ చదవగలిగేలా మారాలి, తర్వాత అప్లికేషన్లు ఒక్కొక్కటిగా మారాలి, అన్నీ అయ్యాక పాత రూపం తీసేయాలి. లాగ్ లైనులో ఫలానా మాట కనపడితే మోగే అలర్టులు ఫార్మాట్ మారగానే ఏ ఎర్రరూ చూపకుండా మూగబోతాయి. ప్రశాంతంగా ఉన్న డ్యాష్‌బోర్డ్ చూసి అంతా బాగుందనుకుంటారు. కాబట్టి కొత్త ఫార్మాట్ వెళ్లిన రోజే స్టేజింగ్‌లో (ప్రొడక్షన్‌ను పోలిన పరీక్షా సెటప్‌లో) కావాలని ఒక ఎర్రర్ పుట్టించి, డ్యూటీలో ఉన్నవాళ్ల ఫోన్ మోగిందా, ఆ అలర్ట్‌లో రిక్వెస్ట్ ఐడీ ఉందా, ఆ ఐడీతో వెతికితే యాక్సెస్ లాగ్ లైను కూడా దొరుకుతోందా అని చూసుకోవాలి.